తెల్లబిళ్ళ మీద ఎండ

ఫిబ్రవరి 4
పొద్దున పొగమంచు. తొమ్మిదింటికి విడిపోయింది. గాలి లేదు. వంటగది తలుపు బందులకి నూనె వేశాను.

బావమరిదికి,

మనిద్దరం నోటితో మాట్లాడుకుంటే మూడో మాటకే గొంతులు లేస్తాయి కాబట్టి, ఏమున్నా కాగితం మీద చెప్పుకోమని మీ అక్క హుకుం. ఉత్తరాలు తనే మోస్తుందట. తను పనిచేసే దుప్పట్ల గది నీ గదికి రెండంతస్తుల కిందే కాబట్టి శ్రమ లేదంటోంది. ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు రోగుల దుప్పట్లు కుట్టిన మనిషి ఇప్పుడు అదే దుప్పటి కప్పుకోబోతోంది. దీని గురించి ఇంతకన్నా రాయాలని లేదు.

నీకు రాసి మూడేళ్ళయింది. నీ డాక్టరేటు పుస్తకంలో నాలుగో బొమ్మ తలకిందులుగా ఉందని నేను నలుగురి ముందూ అన్నాను. స్క్రూడ్రైవరు పట్టిన ప్రతివాడూ శాస్త్రం చెప్పేవాడే అని నువ్వన్నావు. బొమ్మ ఇప్పటికీ తలకిందులుగానే ఉంది.

మొన్న మీ అక్క నీ గది చూసి వచ్చింది. కుట్టుపని చేసేవాళ్ళు చూస్తే ఏదీ వదలరు. "పెద్ద బల్ల, దాని మీద దీపం పెట్టె, అందులోంచి వెంట్రుకంత గాజుపోగు. ఆ పోగు కొసని ఒక తెల్లబిళ్ళకి ఆనించి ఏదో సరిచూసుకుంటాడు. కిటికీ పక్కనే కూర్చుంటాడు, హాయిగా వెలుతురు" అంది. హాయిగా వెలుతురు అనగానే నేను చేతిలో ఉన్న లెన్సు కింద పెట్టేశాను.

ఈ ఉత్తరంతో ఒక డబ్బా పంపుతున్నాను. గట్టి చెక్క, లోపల నల్ల వెల్వెట్, మూతకి రంధ్రం. వాడుకో. ఎందుకో చెప్పను. అంత చదివినవాడికి చెప్పడం మర్యాద కాదు.

లెన్సులు అరగదీసేవాడు

*

ఫిబ్రవరి 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని అక్క బ్రెడ్డు పొట్లంతో పాటు ఇచ్చింది. బ్రెడ్డు మెత్తగా ఉంది.

ఉత్తరానికి పైన వాతావరణం, తలుపు బందులు ఎందుకో అర్థం కాలేదు. మనం ఉండేది ఒకే ఊళ్ళో. పొగమంచు నాకూ కనబడింది. అక్కని అడిగితే నవ్వింది. "ఆయన పుస్తకంలో రోజూ అవే రాస్తార్రా, ఇరవై ఆరేళ్ళుగా. లెన్సుని నునుపు చేసే తారుముద్ద ఎండకి మెత్తబడుతుంది, మబ్బుకి బిగుస్తుంది, అందుకని ముందు ఆకాశం చూసుకుని పనిలో దిగుతారు" అంది. మా దగ్గర గది వేడిని యంత్రం చూసుకుంటుంది. పుస్తకాలు అక్కర్లేదు.

మీరు అడగలేదు గానీ, అక్క భర్త కాబట్టి నేను చేసేదేమిటో చెబుతాను. మీకు అర్థమయ్యేట్టే చెబుతాను. ఆక్సిజన్ ఉన్న రక్తం ఎర్రగా మెరుస్తుంది, లేనిది నల్లబడుతుంది. ఊపిరితిత్తిలోకి చూసే గొట్టంలోంచి ఒక గాజుపోగుని పంపి గడ్డకి ఆనిస్తాం. పోగులోంచి తెల్లటి వెలుగు వెళ్ళి, గడ్డలో ఉన్న రక్తాన్ని తాకి, తిరిగి అదే పోగులోకి వస్తుంది. ఏ రంగు ఎంత తగ్గి వచ్చిందో చూస్తే నూటికి ఎంత ఆక్సిజన్ ఉందో తెలుస్తుంది. ముక్క కోయక్కర్లేదు, నిమిషంలో పని అయిపోతుంది.

ఎందుకు తెలియాలి అంటారా. ఆక్సిజన్ ఉన్న గడ్డ కిరణాల చికిత్సకి లొంగుతుంది. ఊపిరితిత్తిలోనే ఉండి ఊపిరాడని గడ్డ ఒకటుంటుంది, అది లొంగదు. మొదటి రకానికి నాలుగు వారాల కిరణాలు చాలు, ఇంటినుంచి వచ్చి పోవచ్చు. రెండో రకానికి ముందు మాత్రలు, ముఖానికి గాలి ముసుగు, ఏడు వారాలు వార్డులోనే. ఏది ఎవరికో మా అంకె చెబుతుంది. ఇప్పటికి పదిమందిని కొలిచాం. ఆ గడ్డలు స్పష్టంగా రెండు జాతులు. మధ్యలో ఏదీ లేదు. ఇది ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పేపరు రాస్తున్నాను.

అక్క ఊపిరితిత్తిలోని గడ్డని 13న కొలుస్తాం.

మీ పెన్‌స్టాండు ముట్టింది. నా బల్ల మీదే పెట్టాను. మూతకున్న రంధ్రం పెన్నుకి ఇరుకైతే మా వర్క్‌షాపులో కాస్త వెడల్పు చేయించాను. ఏమీ అనుకోకండి.

మీ బావమరిది

*

ఫిబ్రవరి 11
రోజంతా మబ్బు. సాయంత్రం నాలుగు చినుకులు. కుళాయికి కొత్త వాషరు వేశాను.

బావమరిదికి,

వెడల్పు చేయించావు. మంచిది. ఇక డబ్బా సంగతి నేను ఎత్తను.

నువ్వు అర్థమయ్యేట్టు చెప్పినది అర్థమైంది. వెలుగు వెళ్ళి వెలుగు వస్తుందని చెప్పడానికి పదేళ్ళ చదువు కావాలని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఒక విషయం. మీ అక్కకి గొంతులో చెంచా పెట్టినా వాంతి అవుతుంది. పళ్ళ డాక్టరు దగ్గర రెండుసార్లు కుర్చీలోంచి లేచి వచ్చేసింది. ఈ సంగతి నీకూ తెలుసు, చిన్నప్పుడు మందు పోస్తే నీ మీదే కక్కింది. గొట్టం వేసేవాళ్ళతో చెప్పు. కాస్త నెమ్మదైన మనిషి చేత వేయించు. చేతులు చల్లగా ఉన్నవాళ్ళు వద్దు.

తను నీకు చెప్పదు. నాకూ చెప్పలేదు. రాత్రి అద్దం ముందు నోరు తెరిచి చెంచాతో అలవాటు చేసుకుంటుంటే చూశాను. చూడనట్టు వెళ్ళిపోయాను.

ఇంతే.

*

ఫిబ్రవరి 15

బావగారికి,

అరవై ఎనిమిది.

ఈ అంకెని ముందు రాసి తర్వాత నమస్కారం పెడదామనుకున్నాను. నమస్కారాలు.

13న పదకొండింటికి కొలిచాం. గొట్టం వేసినావిడ చేతులు వెచ్చగానే ఉన్నాయి, నేనే పట్టుకుని చూశాను, ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. అక్క రెండుసార్లు ఉక్కిరిబిక్కిరి అయింది, మూడోసారికి కుదురుకుంది. గొట్టం తీశాక మొదటి మాట ఏమిటో తెలుసా. "ఈ దుప్పటి అంచు నేను కుట్టింది కాదురా, కుట్టు వంకరగా ఉంది."

అరవై దాటితే మొదటి రకం. గడ్డకి ఊపిరి ఆడుతోంది. మార్చి 4న మొదలుపెట్టి నాలుగు వారాలు. మీరు పొద్దున వర్క్‌షాపు తెరిచే ముందు తనని దింపి, మధ్యాహ్నం తీసుకెళ్ళవచ్చు. వార్డు అక్కర్లేదు.

ఇన్నేళ్ళలో మీరు నవ్వగా నేను చూడలేదు. ఈ ఒక్కసారికి ప్రయత్నించండి, ఎవరికీ చెప్పను.

మీ బావమరిది

*

ఫిబ్రవరి 17
ఎండ. పడమటి గాలి. మెట్ల మీద పేరుకున్న మట్టి గీకాను.

బావమరిదికి,

నా పుస్తకంలో ఫిబ్రవరి 13కి ఇలా ఉంది. "తెల్లవారుజామునుంచే తేట. మబ్బు తునక లేదు. పదింటికే తారుముద్ద మెత్తబడింది, పని ఆపేశాను."

నువ్వు కొలిచింది పదకొండింటికి.

అక్క కాబట్టి నాలుగు మార్కులు ఎక్కువ వేశావా అని అడగబోయి, అంత తెలివి నీకు లేదని ఊరుకున్నాను. మిగతా పదిమందినీ ఏ తేదీల్లో కొలిచావో, ఎంతెంత వచ్చిందో రాసి పంపు. పేర్లు అక్కర్లేదు.

నవ్వమన్నావు. తేదీలు పంపాక ఆలోచిస్తాను.

*

ఫిబ్రవరి 20

బావగారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. రాస్తే చించేయాల్సి వచ్చేది.

మార్కులు. నా అక్క గడ్డకి నేను మార్కులు వేశానంటారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను తన స్కూలు సంచీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించిన మనిషి. తన ఊపిరితిత్తిలోకి నేను అబద్ధం పంపిస్తానా. ఈ మాట ఇంకెవరన్నా అయితే మొహం చూసేవాణ్ణి కాను. మీ మొహం ఎలాగూ చూడటం లేదు.

మీ బాధ నాకు తెలుసు. ఆవిడ బాగుపడటం మీకు కావాలి. నా చేతిమీదుగా బాగుపడటం మాత్రం వద్దు. మీ జీవితమంతా పాత బైనాక్యులర్లు తుడిచి, పగిలిన మైక్రోస్కోపులకి మేకులు బిగించి, వెలుగంటే మీకొక్కరికే తెలుసని అనుకున్నారు. వెలుగుతో మనిషి ప్రాణం కొలిచేవాడు ఇంట్లోనే పుట్టేసరికి తట్టుకోలేకపోతున్నారు.

తేదీలు అడిగారు కదా, తీసుకోండి. ఏది దిద్దానో చూపించండి.

జనవరి 6, డెబ్భై ఒకటి. 8, అరవై ఆరు. 9, ముప్పై ఎనిమిది. 13, ముప్పై అయిదు. 15, అరవై తొమ్మిది. 16, ముప్పై మూడు. 20, డెబ్భై రెండు. 22, ముప్పై ఆరు. 27, డెబ్భై. 29, నలభై ఒకటి. పదకొండోది అక్కది, చెప్పాను.

రెండు జాతులు. గుడ్డివాడికి కూడా కనబడతాయి.

కిటికీ గురించి మీరు ఏదో గొణుగుతున్నారని అక్క అంది. మేం అంత చవటలం కాదు. దీపం ఆర్పేసి గది వెలుగు ఎంతో రోజూ ముందే కొలుచుకుంటాం. యంత్రం దాన్ని తీసేసి లెక్క కడుతుంది. ఇది మొదటి సంవత్సరం పాఠం.

బావమరిది

*

ఫిబ్రవరి 21
పొద్దున మబ్బు, పదిన్నరకి ఎండ. చేసిన పని ఏమీ లేదు.

ముందే అంటే ఎన్నింటికి?

*

ఫిబ్రవరి 22

బావగారికి,

ఎనిమిదింటికి. గది తెరవగానే. రోజుకి ఒకసారి. రోగులు పదకొండింటికి వస్తారు. రోగి వచ్చే ముందు పోగుని తెల్లబిళ్ళ మీద సరిచూసుకుంటాం, అంటే తిరిగొచ్చిన వెలుగుని దేనితో పోల్చాలో ఆ బిళ్ళే చెబుతుంది. ఇంకేమైనా కావాలా? మా గది తాళంచెవి నంబరు పంపనా?

మీరు ఒక్క వాక్యం రాసి పంపిన కాగితాన్ని అక్క నా చేతిలో పెట్టి, "ఇదేమిట్రా, పోలీసు నోటీసా" అంది. ఆవిడకి మీ మీద నాకన్నా కోపంగా ఉంది. అది మీకు తెలియకపోతే తెలుసుకోండి.

*

ఫిబ్రవరి 24
ఎండ. గాలి లేదు. కిటికీ అద్దాలు నాలుగూ తుడిచాను.

బావమరిదికి,

ఇది పొడుగు ఉత్తరం. నాకు అలవాటు లేదు, ఓపికగా చదువు.

నీ తేదీలు ఒక పక్క, నా పుస్తకం ఒక పక్క పెట్టుకున్నాను. జనవరి 6, ఎండ. 8, పలచటి తెల్లమబ్బు, మధ్యాహ్నానికల్లా ఎండ. 9, ముసురు. 13, చినుకులు. 15, ఎండ. 16, వాన, పైకప్పు కారింది. 20, ఎండ, ఆ రోజు నేను టోపీ పెట్టుకుని బజారుకి వెళ్ళాను. 22, మబ్బు. 27, ఎండ.

నువ్వు కనిపెట్టిన రెండు జాతులకి నా పుస్తకంలో ముందునుంచీ పేర్లున్నాయి. ఒకదాని పేరు ఎండ. రెండోదాని పేరు మబ్బు.

ఎనిమిదింటికి నీ కిటికీలో ఎండ ఉండదు. పక్క భవనం అడ్డం. మీ అక్కని అడిగి తెలుసుకున్నాను. పదకొండింటికి ఎండ సరిగ్గా నీ బల్ల మీద పడుతుంది. నువ్వు తీసేసేది ఎనిమిదింటి వెలుగుని. కలుపుకునేది పదకొండింటి వెలుగుని. మనిషి లోపలికి కిటికీ వెలుగు వెళ్ళదు, అక్కడ నీ కొలత సరే. కానీ దేనితో పోలుస్తున్నావో ఆ తెల్లబిళ్ళ బల్ల మీద ఎండలో ఉంది. తూకం వేసేముందే ముల్లు వంగి ఉంది.

జనవరి 29 ఒక్కటి నాకు కుదరలేదు. ఆ రోజు మంచి ఎండ. నీకు వచ్చింది నలభై ఒకటి. అది తప్పితే నేను చెప్పేదంతా తప్పు. ఆ రోజు ఏం జరిగిందో చూసి చెప్పు.

ఇప్పుడు రెండో విషయం. ఇది రాయడానికి కిటికీ అద్దాలు నాలుగూ తుడిచాను, అయిదోది లేక కూర్చున్నాను.

నేను పంపింది పెన్‌స్టాండు కాదు. తెల్లబిళ్ళని అందులో పెట్టి, మూత వేసి, పోగుని రంధ్రంలోంచి దించితే బయటి వెలుగు తాకదు. అందుకే రంధ్రం అంత సన్నం. మీ అక్క కిటికీ మాట చెప్పిన రోజే నాకు తెలుసు. ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. నీకే తెలియాలనుకున్నాను. తెలియకపోతే, తెలియలేదని నీ నోటితో నువ్వే అనాలనుకున్నాను. డబ్బాలో నువ్వు పెన్నులు పెట్టావని తెలిసి, కావాలనే అవమానించావనుకుని నోరు మూసుకున్నాను. 13న పొద్దున మబ్బు లేదని పుస్తకంలో రాసుకుని మరీ మీ అక్కని పంపాను. చెంచాతో అలవాటు చేసుకున్న మనిషిని తప్పు కొలతకి పంపానని తెలిసే పంపాను. నీ పెన్నులు తెలియక చేసిన పని. నాది తెలిసి చేసింది. మనిద్దరిలో ఎవడు చవటో నువ్వే తేల్చుకో.

అరవై ఎనిమిది నిజం కాకపోవచ్చు. నిజం కాకపోతే మార్చి 4న నాలుగు వారాల కిరణాలు మొదలవుతాయి, గడ్డ అక్కడే కూర్చుంటుంది.

మళ్ళీ కొలువు.

నాకు డబ్బా వెనక్కి పంపు. రంధ్రం బాగుచేస్తాను.

*(ఇది నేను, అక్కని. ఏ కవరుకీ మీరిద్దరూ జిగురు పెట్టలేదు. మొదటినుంచీ ప్రతిదీ మెట్ల మీద కూర్చుని చదివే ఇచ్చాను. చదివినందుకు నాకేం సిగ్గు లేదు, ఊపిరితిత్తి నాది. ఒరేయ్, నీ గదిలో ఎండ హాయిగా ఉందని మెచ్చుకున్నది నేను, కాబట్టి నేనూ తెలివైనదాన్నేం కాదు. కానీ ఒక డబ్బా దేనికో అడగలేని చదువు నీది, చెప్పలేని పనితనం ఈయనది. ఇద్దర్నీ ఒకే బీరువాలో పెట్టి తాళం వేయాలి. గొట్టం మళ్ళీ మింగుతాను. చెంచాతో ఈ పూటే మొదలుపెట్టాను. ఈయన చూసి, చూడనట్టు వెళ్ళిపోబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నీ కిటికీ కొలతలు పంపు, పొడుగూ వెడల్పూ. దుప్పట్ల గదిలో నల్లగుడ్డ ఉంది.)*

*

ఫిబ్రవరి 27

బావగారికి,

జనవరి 29న రోగి వచ్చిన బస్సు చెడిపోయింది. కొలిచింది పదకొండింటికి కాదు, మూడింటికి. మూడింటికి మా కిటికీలో ఎండ ఉండదు.

దీన్ని రిజిస్టరులో చూశాను. తర్వాత లేచి నా కోటు విప్పి తెల్లబిళ్ళ మీద కప్పాను. అంకెలు మారాయి. తీశాను. మళ్ళీ మారాయి. పది సార్లు కప్పి, పది సార్లు తీశాను. గది తుడిచే ఆవిడ వచ్చి, "ఏం సార్, దానికి చలేస్తోందా" అని అడిగింది.

మా పెద్దసారుకి చెప్పాను. ఆయన కోప్పడలేదు, అది ఇంకా ఘోరం. "ఈ కిటికీ నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంది కదయ్యా" అన్నాడు. అంతే. పేపరు వెనక్కి తీసుకున్నాం. ఎండ రోజుల్లో కొలిచినవాళ్ళలో ఇద్దరికి అప్పుడే కిరణాలు మొదలయ్యాయి, వాళ్ళని ఆపి పిలిపించాం. ఫోను నేనే చేశాను. ఎందుకని అడిగారు. మా గదిలో ఎండ పడిందని ఎలా చెప్పను? కొలత తప్పిందన్నాను. ఒకాయన, "పోన్లే బాబూ, ముందే చూశారు" అని నన్ను ఓదార్చాడు. మీరు తిట్టినవన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

మీకు తెలిసీ చెప్పలేదని రాశారు. చదివినప్పుడు మీ ఇంటికి వచ్చి కొట్టాలనిపించింది. సగం దూరం వచ్చాను కూడా. మీ వీధి మలుపులో ఆగి ఆలోచిస్తే, మీరు చెప్పి ఉంటే నేను వినేవాణ్ణా అని అనుమానం వచ్చింది. మొదటి ఉత్తరంలోనే కిటికీ మూయమని రాస్తే నవ్వి పక్కన పడేసేవాణ్ణి. మీరు రాయకపోవడానికి నేనే కారణమని అనను, అంత మంచివాణ్ణి కాదు. కానీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను.

కిటికీ నిలువు నూట నలభై సెంటీమీటర్లు, అడ్డం తొంభై. డబ్బా పంపుతున్నాను. పెన్నులు తీసేశాను. అడుగున ఒక సిరా మరక ఉంది, క్షమించండి.

నాలుగో బొమ్మ తలకిందులే. మీరన్న ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి చూసుకున్నాను. మూడేళ్ళయింది.

అక్కకి మార్చి 3న పదకొండింటికి. మీరు రండి. మీ చేతులతో బిళ్ళని డబ్బాలో పెట్టండి. మీరు పెడితే తప్ప అక్క నోరు తెరవనంటోంది.

మీ బావమరిది

*

మార్చి 3
ఆకాశం చూడలేదు. చేసిన పని చివర్లో రాస్తాను.

బావమరిదికి,

ఈ పొద్దున మనం మాట్లాడుకున్నాం. మొత్తం మీద పదకొండు మాటలు ఉంటాయి, ఎవరి గొంతూ లేవలేదు. అయినా ఉత్తరం రాస్తున్నాను, అక్కడ చెప్పాల్సినది చెప్పలేదు కాబట్టి.

మీ అక్క కుట్టిన నల్లగుడ్డ బాగా కుదిరింది. అంచు రెండు మడతలు వేసి కుట్టింది. నువ్వు దీపం ఆర్పినప్పుడు ఆ గదిలో నా చెయ్యి నాకు కనబడలేదు. ఇరవై ఆరేళ్ళలో పదకొండింటికి బయట ఎండో మబ్బో తెలియని రోజు ఇదొక్కటే. ఇంటికి వస్తూ కూడా పైకి చూడాలని తోచలేదు. మీ అక్క నా మోచెయ్యి పట్టుకుంది, నేల చూసుకుంటూ నడిచాం.

డబ్బా మూతకి కొత్త ముక్క అతికించి రంధ్రం మళ్ళీ వేశాను. నువ్వు పోగు దించుతుంటే దాని కొస రెండుసార్లు రంధ్రం అంచుకి తగిలింది. నేను చూడనట్టు ఉండబోయి, అలవాటు మానుకుందామని నీ మణికట్టు పట్టుకున్నాను. నువ్వు చెయ్యి లాక్కోలేదు. అందుకు నీకు రుణపడి ఉన్నాను.

ముప్పై ఒకటి.

నువ్వు ఆ అంకె చదివి నా వైపు చూశావు. నేను ఏమంటానని ఎదురుచూశావో తెలుసు. నిజానికి నాకూ ఒక మాట సిద్ధంగా ఉంది, మూడు వారాలుగా నూరుకుంటున్నదే. ఎండ, మబ్బు, పదకొండు గంటలు, అన్నీ నేను చెప్పినట్టే వచ్చాయి. నా పుస్తకం గెలిచింది. నేను గెలిస్తే మీ అక్క ఏడు వారాలు వార్డులో ముసుగు పెట్టుకోవాలి. ఇలాంటి గెలుపు కోసం కాచుకుని కూర్చున్నవాణ్ణి నేను నా వర్క్‌షాపు గుమ్మం కూడా ఎక్కనివ్వను. నీ మీద నాకు ఎప్పుడూ చులకనే, అది ఒక్క పూటలో పోదు. కానీ ఇవాళ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలిసింది.

మీ అక్క అడిగిన ప్రశ్నకి నువ్వు బాగా జవాబు చెప్పావు. "అయితే ఇది లొంగదారా?" అంది. "ఊపిరి ఆడకపోతే ఆడించి లొంగదీస్తాం, మాత్రలూ ముసుగూ అందుకే" అన్నావు. నాకు అంత చక్కగా చెప్పడం రాదు. చదువు అందుకు పనికొస్తుందని ఒప్పుకుంటున్నాను. ఈ ఒక్క వాక్యం ఎవరికీ చూపించకు.

వార్డుకి రేపు పొద్దున ఎనిమిదింటికి తీసుకొస్తాను. తన దుప్పటి తనే తెచ్చుకుంటుందట, మీ దుప్పట్ల కుట్టు మీద నమ్మకం లేదంటోంది. తను లేకపోతే దుప్పట్ల గదిలో ఎవరు కుడతారో కనుక్కో. వార్డులో మంచం కిటికీ పక్కన ఇప్పించు. అక్కడ ఎండ పడితే పరవాలేదు.

ఏడు వారాలూ తనకి రోజూ ఒక ఉత్తరం రాస్తానన్నాను. ఏం రాస్తారు, వాతావరణమేగా అంది. అవునన్నాను. సరే, అదే రాయండి అంది.

ఇప్పుడే లేచింది. గొంతు మంటగా ఉందట, గోరువెచ్చటి పాలు కావాలంటోంది. పొయ్యి మీద పెట్టాలి. చేసిన పని చివర్లో రాస్తానన్నాను కదా, ఇవాళ్టికి పాలు కాచడమే.